కరిగించే ముందు ఒక్కసారి చూడండి: విశాఖపట్నం బంగారు, వెండి వర్తకులకు బహిరంగ లేఖ

విశాఖపట్నం నగరంలోని బంగారు, వెండి వర్తకులకూ, వారి దగ్గర కరిగింపు పని చేసే స్వర్ణకారులకూ నమస్కారం.

నేను ఈ ఊళ్ళోనే పుట్టి పెరిగి, ఇక్కడే ఉద్యోగం చేసి, పదవీ విరమణ పొందినవాణ్ణి. చదువుకునే రోజుల నుంచి పాత నాణేలనూ విదేశీ నాణేలనూ సేకరిస్తున్నాను. కురుపాం మార్కెట్‌లో మీలో చాలామందికి నా ముఖం పరిచయమే. మీరు పాత వెండి కొనే బల్ల ముందు నిలబడి, డబ్బాలో పడిన నాణేలను ఒకసారి చూడనివ్వమని అడిగినప్పుడు విసుక్కోకుండా చూడనిచ్చినవారు మీలో ఉన్నారు. వారికి ముందుగా కృతజ్ఞతలు. ఈ లేఖలో నేను కోరుతున్నది ఒక్కటే. మీ దుకాణానికి పాత నాణెం వచ్చినప్పుడు, తూకం వేసి, ధర కట్టి, డబ్బిచ్చిన తరువాత దానిని ఆ సాయంత్రమే కరిగించే మూసలో వేయకండి. కొద్ది రోజులు పక్కన ఉంచండి, ఆ లోగా తెలిసినవారెవరైనా చూసేటట్టు చేయండి.

వెండి ధర పెరిగిన ప్రతిసారీ ఇళ్ళల్లోని పాత రూపాయలు బయటికి వస్తాయి. వరలక్ష్మీ వ్రతం నాడు కలశం దగ్గర పెట్టే విక్టోరియా రాణి రూపాయలూ, నాయనమ్మ ట్రంకు పెట్టె అడుగున మూటకట్టి దాచిన అర్ధరూపాయలూ, అరకు, పాడేరు సంతల వైపు నుంచి వచ్చే, నాణేలకు కొక్కేలు అతికించి గుచ్చిన దండలూ మీ దగ్గరికే చేరుతాయి. పిల్లల చదువుకో ఆసుపత్రి ఖర్చుకో అమ్ముకునే మనిషిని తప్పు పట్టే హక్కు ఎవరికీ లేదు. న్యాయమైన తూకంతో, ఆ రోజు ధరకు కొన్న మిమ్మల్నీ తప్పు పట్టను. వచ్చే నాణేలలో ఎక్కువ భాగం సాధారణమైనవేనన్న మాట కూడా నిజం. అయిదో జార్జి కాలపు 1918, 1919, 1920 నాటి రూపాయలు ఇప్పటికీ కుప్పలుగా దొరుకుతాయి, వాటికి వెండి ధరకు మించి పెద్దగా పలకదు. నా బాధంతా ఆ కుప్పలో కలిసి వెళ్ళిపోయే కొద్దిపాటి వాటి గురించే.

అన్నిటికంటే చిన్నదానితో మొదలుపెడతాను. ఒకప్పుడు కళింగను ఏలిన తూర్పు గాంగుల పణం అనే చిన్న బంగారు నాణెం చూశారా? కొనవేలి మీద పెట్టుకుంటే గోరులో సగం కూడా ఆక్రమించదు, బరువు అర గ్రాముకు కాస్త అటూ ఇటూ ఉంటుంది. బొమ్మ వైపు పడుకుని ఉన్న నంది, ఆ నంది చుట్టూ చంద్రవంక వంటి గుర్తులు ఉంటాయి. బొరుసు వైపు ఒక అక్షరం, దాని కింద ఒకటి రెండు అంకెలు కనిపిస్తాయి. ఆ అంకెలు రాజు పాలన ఎన్నో ఏట నాణెం పడిందో చెబుతాయి. అవి చదవడం కూడా అంత తేలిక కాదు. కళింగ రాజుల అంక సంవత్సరాల లెక్కలో మొదటి సంవత్సరాన్ని లెక్కించరు, ఆరుతో ముగిసే అంకెలనూ, పదిని మినహాయించి సున్నతో ముగిసే అంకెలనూ వదిలేస్తారు. అందువల్ల నాణెం మీది అంకెకూ, నిజంగా గడిచిన ఏళ్ళకూ తేడా వస్తుంది. ముఖలింగం నుంచి సింహాచలం దాకా శాసనాలు చెక్కించిన వంశం అది. సింహాద్రి అప్పన్న గుడి గోడల మీద దీపాలకూ నైవేద్యాలకూ ఇచ్చిన మాడలు అనే ఆనాటి నాణేల లెక్కలు ఇప్పటికీ చదువుకోవచ్చు. ఆ శాసనాల్లో పేరుగా మిగిలిన డబ్బు చేతికి అందేది ఇలాంటి నాణేల రూపంలోనే. మూసలో వేస్తే మీకు దక్కేది అర గ్రాము బంగారం, అందులోనూ తరుగు పోతుంది. చదవగలిగిన అంకె ఉన్న పణం అయితే కళింగ చరిత్రలోని ఒక సంవత్సరం దానితో పాటు కరిగిపోతుంది. ఇంత చిన్న వస్తువును మీరు పాత ముక్కుపుడకలతో, తెగిన గొలుసు ముక్కలతో కలిపి కొంటారు కాబట్టి అది నాణెమన్న సంగతే ఒక్కోసారి ఎవరి కంటా పడదు.

మన తీరంలో నాణేలకు ఎంత లోతైన చరిత్ర ఉందో తెలుసుకోవడానికి దూరం పోనక్కరలేదు. భీమిలి దారిలోని తొట్లకొండ, బావికొండ బౌద్ధారామాల తవ్వకాల్లో శాతవాహనుల నాణేలతో పాటు రోమన్ వెండి నాణేలు బయటపడ్డాయి. ఎక్కడో రోమన్ సామ్రాజ్యంలో ముద్రించిన వెండి మన కొండల మీది భిక్షువుల ఆరామాలకు చేరిందంటే, ఈ రేవుల్లో ఏ స్థాయి వర్తకం జరిగిందో ఊహించుకోవచ్చు. అనకాపల్లి దగ్గర శంకరం గ్రామంలోని బొజ్జన్నకొండను 20వ శతాబ్దం తొలి ఏళ్ళలో పురావస్తు శాఖ అధికారి అలెగ్జాండర్ రీ తవ్వించినప్పుడు సముద్రగుప్తుని బంగారు నాణెం దొరికింది, విషమసిద్ధి అన్న బిరుదు గల తూర్పు చాళుక్య రాజు కుబ్జ విష్ణువర్ధనుని రాగి నాణేలూ దొరికాయి. అవన్నీ పురావస్తు శాఖ పార కింద బయటపడ్డాయి కనుక మనకు మిగిలాయి. అదే నాణెం రైతు నాగటి చాలులోనో, ఇంటి పునాది గోతిలోనో దొరికి నేరుగా కుంపటికి చేరి ఉంటే, గుప్తుల నాణెం అనకాపల్లి దాకా వచ్చిందన్న సంగతి ఏ పుస్తకంలోకీ ఎక్కేది కాదు.

ఈస్టిండియా కంపెనీ కాలానికి వస్తే, ఒక వెండి నాణెం గురించి మీకు ప్రత్యేకంగా చెప్పాలి. 1807 తరువాత కొన్నేళ్ళ పాటు మద్రాసు టంకశాలలో అర వరహా, పావు వరహా వెండి నాణేలు వేశారు. ఒక వైపు అంతస్తులంతస్తులుగా గోపురం, దానికి అటూ ఇటూ నక్షత్రాలు ఉంటాయి. మరో వైపు చుక్కల వలయం మధ్యలో దేవుడి విగ్రహం, చుట్టూ తమిళంలోనూ తెలుగులోనూ నాణెం విలువ ఉంటుంది. కంపెనీ వారు దక్షిణాదిలో వేసిన వెండి మీద మన లిపి ఇంత స్పష్టంగా కనిపించే నాణేలు చాలా తక్కువ. అర వరహా బరువు సుమారు 21 గ్రాములు, అంటే రూపాయికి దాదాపు రెట్టింపు. కరిగించేవారికి ఆ బరువే ముందు కనిపిస్తుంది. ఒక దుకాణంలో నేను చూసిన అర వరహాకు లోపల రాగి ఉందేమోనన్న అనుమానంతో ఉలి పెట్టి దేవుడి భుజం మీదుగా గాటు కొట్టారు. లోపలంతా మంచి వెండే. ఆ గాటు చూసినప్పుడు కలిగిన బాధ ఇప్పటికీ తగ్గలేదు. మీరు లోహాన్ని పరీక్షించక తప్పదు, అది మీ వృత్తి ధర్మం. కానీ నాణేనికి ముందు తూకం, తరువాత అంచు, ఆ పైన మోగించినప్పుడు వచ్చే శబ్దం చూడండి. అప్పటికీ అనుమానం తీరకపోతే అంచు మీద మాత్రమే, బొమ్మకూ అక్షరాలకూ తగలకుండా గీటురాయికి తాకించండి. ఉలి మాత్రం వద్దు.

రూపాయల విషయంలో మీకు కావలసింది బొరుసు మీది సంవత్సరాన్ని ఒకసారి చదివే ఓపిక మాత్రమే. 1835 నుంచి బ్రిటిష్ ఇండియా అంతటికీ ఒకే రూపాయి వచ్చింది. బరువు 11.66 గ్రాములు, పన్నెండు పాళ్ళలో పదకొండు పాళ్ళు వెండి. 1939 దాకా అదే నాణ్యత నడిచింది. 1940 నుంచి సగం వెండికి దిగింది, 1947 నాటికి వెండి పోయి నికెల్ వచ్చింది. ఈ లెక్కలు నాకంటే మీకే బాగా తెలుసు, ధర కట్టేది వాటిని బట్టే కదా. మీరు చూడవలసిన మిగతావి చెబుతాను. 1862 అని ముద్ర ఉన్న రాణి రూపాయి 1862లోనే పడిందని అనుకోకూడదు. 1874 దాకా అదే సంవత్సరంతో వేస్తూ పోయారు. తారీఖు కింద, పూల నడుమ కనిపించే సన్నని చుక్కలను లెక్కపెట్టి ఏ నాణెం ఏ కాలానిదో పరిశీలకులు వర్గీకరిస్తారు. అందుకే ఒకే సంవత్సరం ముద్ర ఉన్న రూపాయలు పది మీ దగ్గరుంటే, అవి పదీ ఒకటే అయి ఉండాలన్న నియమం లేదు. 1911 నాటి అయిదో జార్జి రూపాయి మీద రాజు వస్త్రం మీదున్న ఏనుగు పందిలా కనిపిస్తోందని గొడవ రేగింది, వేసిన నాణేలలో చాలా భాగం ప్రభుత్వమే కరిగించింది, మరుసటి ఏడాది బొమ్మ మార్చింది. 1939 నాటి ఆరో జార్జి రూపాయలు చాలా కొద్దిగా బయటికి వచ్చాయి. దానికి నకిలీలూ ఎక్కువే. అసలును పట్టడంలో మీ చేతి అనుభవం మాలాంటి సేకర్తలకు ఎంతో సాయపడుతుంది. చార్మినారు బొమ్మ ఉన్న నిజాం రూపాయిలో వెండి పాలు తక్కువన్న కారణంతో పక్కకు నెట్టకండి. బంగారం వైపు వస్తే, పాత కాసుల పేర్లలో నిజమైన బ్రిటిష్ సవరన్లు గుచ్చినవి ఇంకా వస్తున్నాయి. 1918లో బొంబాయిలోనూ సవరన్లు వేశారు. వాటి మీద తారీఖు పైన, నేల గీత నడుమ చిన్న ఇంగ్లిషు ఐ అక్షరం ఉంటుంది. భూతద్దం మీ బల్ల మీదే ఉంది.

ఇక విదేశీ నాణేల సంగతి. రేవు ఉన్న ఊరు కాబట్టి ఇవి మన దగ్గర ఎక్కువ. 1933లో మన హార్బరు తెరిచిన తరువాత ఓడల మీద పనిచేసినవారి ఇళ్ళల్లోనూ, గల్ఫ్ దేశాలకు వెళ్ళివచ్చిన కుటుంబాల్లోనూ సీసాల నిండా పరదేశపు చిల్లర ఉంటుంది. విదేశీ డబ్బు మార్చేవారు నోట్లు తీసుకుంటారు కానీ నాణేలు తీసుకోరు. అందుకే అవి అలా మిగిలిపోతాయి. అంతకు చాలా ముందే ఉత్తరాంధ్ర జనం బతుకుతెరువుకు రంగం, అంటే బర్మాలోని రంగూన్, వెళ్ళారు. అక్కడి మిల్లుల్లో, రేవుల్లో పనిచేసి, 1942లో జపాను దండు వచ్చినప్పుడు కొందరు ప్రాణాలరచేత పట్టుకొని నడిచి వచ్చారు. వారి వెంట వచ్చిన వెండిలో బర్మా రాజు మిండన్ వేయించిన నెమలి రూపాయలు ఉన్నాయి. పురి విప్పిన నెమలి ఎదురుగా నిలబడి ఉంటుంది. ప్రతి ఈకా, ఈక చివరి కన్నూ విడివిడిగా కనిపిస్తాయి, చుట్టూ గుండ్రని బర్మా అక్షరాలు ఉంటాయి. బొరుసు మీద ఉండే బర్మా శకం 1214 మన లెక్కలో 1852-53 అవుతుంది. అది మిండన్ రాజు గద్దెనెక్కిన కాలం, నాణేలు ముద్రించింది మాత్రం ఆ తరువాత మాండలేలో. వీటిని మన రూపాయి బరువుకే, మన రూపాయి వెండితోనే తయారుచేశారు కనుక రూపాయల దొంతరలో పెడితే వేరుగా కనిపించవు.

ఒకసారి ఒక ముసలామె చీర కొంగు ముడి విప్పి దుకాణం బల్ల మీద పోసిన రూపాయల్లో అలాంటి నెమలి నాణెం ఒకటి నా కంట పడింది. వాళ్ళ తాత రంగంలో కూలి పనిచేసి తెచ్చిన సొమ్మని ఆమే చెప్పింది. అది దేశం కాని దేశపు రాజు నాణెమనీ, మీ తాత ప్రయాణానికి గుర్తుగా ఇంట్లో ఉంచుకోదగినదనీ నేను చెప్పాను. ఆమె మిగిలినవి అమ్మి, దాన్ని తిరిగి కొంగున ముడివేసుకుంది. దుకాణదారు అభ్యంతరం చెప్పలేదు, పైగా ఇంతకుముందు ఇలాంటివి ఎన్ని కరిగించామో అని అన్నాడు. ఆ మాట విన్న రోజే ఇలాంటి లేఖ ఒకటి రాయాలనిపించింది.

నెమలి రూపాయితో పాటు మీరు గుర్తుపెట్టుకోదగినవి ఇంకొన్ని ఉన్నాయి. ఆస్ట్రియా రాణి మరియా థెరిసా బొమ్మ ఉన్న పెద్ద వెండి నాణెం ఎప్పుడు వేసినా 1780 అనే ముద్ర పడుతుంది. అరేబియా, ఎర్రసముద్రపు రేవుల్లో దాని మీదే వ్యాపారం నడిచింది, రెండో ప్రపంచ యుద్ధకాలంలో బొంబాయి టంకశాల కూడా దాన్ని వేసింది. బ్రిటన్ షిల్లింగుల్లో 1919 దాకా ఉన్న వెండి 1920 నుంచి సగానికి తగ్గింది, 1947 నుంచి పూర్తిగా పోయింది. అమెరికా పావు డాలర్లలో 1964 దాకా నూటికి తొంభై పాళ్ళు వెండి ఉంది. రాగి నాణేల్లో, వి, ఓ, సి అనే మూడు ఇంగ్లిషు అక్షరాలు ఒకదానిలో ఒకటి పెనవేసుకున్న గుర్తు కనిపిస్తే, అది భీమునిపట్నంలో కోట కట్టుకుని 1825 దాకా నిలిచిన డచ్చివారి కంపెనీ నాణెం. వెండి లేదని తుక్కులో పారేయకండి.

భూమిలో దొరికిన నాణేల గురించి విడిగా రాయాలి, ఎందుకంటే అన్నిటికంటే ఎక్కువ నష్టం అక్కడే జరుగుతోంది. ముంతలో దొరికిన నాణేలు ఎన్ని ఉన్నా, అవన్నీ కలిసి ఒక్క సాక్ష్యం. అందులో అన్నిటికంటే కొత్త నాణెం ఏదో తెలిస్తే ఆ ముంతను ఎప్పుడు పాతిపెట్టారో తెలుస్తుంది. ఏ రాజు నాణెం ఏ రాజు నాణెంతో కలిసి చలామణీ అయిందో తెలుస్తుంది. పదిమంది పంచుకుని పది దుకాణాల్లో అమ్మితే, అందులో ఒకటి తరువాత నాలాంటి సేకర్త చేతికి వచ్చినా అది ఊరూ పేరూ లేని లోహపు బిళ్ళే. ఇలా జరగడానికి ప్రధాన కారణం భయం. పోలీసులు వస్తారనీ, ఉన్నదంతా ప్రభుత్వం పట్టుకుపోతుందనీ, కేసుల్లో ఇరుక్కుంటామనీ జనం రాత్రికి రాత్రే కరిగించేస్తారు. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం చెబుతున్నది వేరు. పది రూపాయల విలువ దాటిన నిధి దొరికితే ఎవరైనా కలెక్టరుకు లిఖితపూర్వకంగా తెలియజేయాలి. సొంతదారులెవరూ లేరని తేలి, దొరికినవారికీ స్థలం యజమానికీ మధ్య వేరే ఒప్పందం లేకపోతే, మూడు వంతులు దొరికినవారికి, ఒక వంతు స్థలం యజమానికి చెందుతాయి. ప్రభుత్వమే ఉంచుకోదలిస్తే లోహపు విలువకు అయిదో వంతు కలిపి చెల్లిస్తుంది. తెలియజేయకుండా దాచినవారు మాత్రం తమ వాటాను కోల్పోతారు, శిక్షకు గురవుతారు. అంటే చట్టప్రకారం వెళ్ళినవారికి మీ దుకాణంలో వచ్చే ధరకంటే ఎక్కువే దక్కే అవకాశం ఉంది. మట్టి అంటిన నాణేలు గుప్పెడు ఒకేసారి మీ బల్ల మీద పడితే ఈ సంగతి చెప్పగలిగినవారు మీరే. అమ్మడానికి వచ్చిన మనిషి కలెక్టరు కార్యాలయం గుమ్మం తొక్కడు, మీ గుమ్మం తొక్కుతాడు.

నేను మిమ్మల్ని నాణేల వ్యాపారంలోకి దిగమని అడగడం లేదు. నూరేళ్ళు దాటిన నాణేలు 1972 నాటి పురావస్తువుల చట్టం కిందికి వస్తాయి. వాటిని అమ్మే వ్యాపారానికి లైసెన్సు కావాలి, దేశం దాటించడం నిషిద్ధం. మీరు చేయగలిగింది అంతకంటే సులువు. అమ్మడానికి వచ్చినవారికి ఇది మామూలు వెండి ముక్క కాకపోవచ్చునని ఒక్క మాట చెప్పండి, వారికి ఇష్టమైతే తిరిగి తీసుకెళ్ళనివ్వండి. మీరే కొంటే కరిగించకుండా విడిగా ఒక డబ్బాలో ఉంచండి. రెండు వైపులా ఫోటో తీసి, ఏ ఊరి నుంచి వచ్చిందో ఒక చీటీ మీద రాసి ఉంచండి. అమ్మినవారి పేరు రాయనక్కరలేదు, ఊరి పేరు చాలు. నంది, సింహం, గోపురం, తెలుగు అక్షరాలు, నెమలి, చదవలేని లిపి వంటివి కనిపించిన నాణేన్ని మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ మూసలో వేయకండి.

శుభ్రం చేయడం కూడా వద్దు. నల్లబడిన వెండిని చింతపండుతో తోమి, బ్రష్షుతో రుద్ది మెరిపించి అమ్మితే ధర పెరుగుతుందని కొందరు అనుకుంటారు. ఆ నలుపు దశాబ్దాల మీద నాణేనికి పట్టిన రక్షణ పొర, తోమితే దానితో పాటు అక్షరాల అంచులు కూడా అరిగిపోతాయి. తోమిన నాణేన్ని తెలిసినవాడెవడూ ఎక్కువ పెట్టి కొనడు.

ఇంకొక మాట. సెల్ ఫోనులో ప్రకటనలు చూసి, తామర పువ్వు ఉన్న పసుపుపచ్చని ఇరవై పైసలకో, దేవత బొమ్మ ఉన్న అయిదు రూపాయలకో లక్షలు వస్తాయని ఆశపడి మీ దగ్గరికి వచ్చేవారు చాలామంది ఉన్నారు. పాత నాణేలు కొంటామంటూ తమ పేరు వాడుకుని రుసుములు వసూలు చేసే మోసగాళ్ళ గురించి రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులోనే హెచ్చరించింది. అలాంటివారికి నిజం చెప్పి పంపండి. ఆ ఇరవై పైసల్లో బంగారం లేదు, అది అల్యూమినియం కలిసిన కంచు. అయినా బడి పిల్లలు సేకరణ మొదలుపెట్టడానికి అంతకంటే మంచి నాణెం లేదు. నలుపలకల పైసా, ఆరు పలకల మూడు పైసలు, నడుమ చిల్లు ఉన్న 1943 నాటి కాణీ వంటివి మీ డబ్బాల్లో లోహపు విలువ లేక మూలపడి ఉంటాయి. వాటిని మీ దుకాణానికి పెద్దవారి చేయి పట్టుకొని వచ్చే పిల్లలకు ఊరికే ఇవ్వండి. ఈ అభిరుచి చాలామందికి అలాగే అంటుకుంది.

ఈ పనికి నా వంతుగా ఒక ప్రతిపాదన చేస్తున్నాను. మీలో ఏ దుకాణదారైనా విడిగా ఉంచిన నాణేలను చూడమని అడిగితే ఉచితంగా వచ్చి, అవేమిటో కాగితం మీద రాసి ఇస్తాను. అలా చూసిన వాటిలో ఒక్క నాణేన్ని కూడా నా సేకరణ కోసం కొనను, ఇతర సేకర్తలకు చెప్పి కొనిపించను. చరిత్రకు పనికివచ్చేవి కనిపిస్తే బీచ్ రోడ్డులోని విశాఖ మ్యూజియానికో పురావస్తు శాఖకో తెలియజేసే ఉత్తరం మీ తరఫున నేనే రాసి, మీ సంతకం తీసుకుంటాను. వారు తీసుకోవడానికి పట్టే కాలంలో మీ పెట్టుబడి నిలిచిపోకుండా, ఆ నాణెం లోహపు ధరను మీకు ముందుగా చెల్లించడానికి నాతో పాటు మరికొందరు సేకర్తలు సిద్ధంగా ఉన్నారు. దసరా, దీపావళి ముందు పాత వెండి ఎక్కువగా వస్తుంది కనుక ఆ లోపే ఈ డబ్బా పద్ధతిని ఒకటి రెండు దుకాణాల్లోనైనా మొదలుపెట్టాలని కోరుతున్నాను.

ఇట్లు,
మీ వీధుల్లో తరచుగా కనిపించే ఒక నాణేల సేకర్త,
విశాఖపట్నం.